టీ మాత్రం కాసేపాగి

నిన్న మధ్యాహ్నం కూతురిని డాక్టరుకు చూపించి, మార్కాపురం బస్టాండు దగ్గర హోటల్లోకి వెళ్లాం. దానికి రక్తం కొంచెం తక్కువగా ఉందని డాక్టరు చెప్పారు. పప్పు తాలింపు వాసన రాగానే నేను కూర్చోకుండా వంటగది గుమ్మం వైపు నడిచాను. "మళ్లీ మొదలుపెట్టినావా అమ్మా" అని కూతురు నవ్వింది. ఆ అలవాటు వహీదా మేడం నుంచి వచ్చింది. పోయిన వేసవిలో ఆమె చనిపోయారు.

మేడం మా సూపర్‌వైజరు. అంగన్‌వాడీ కేంద్రాలు చూడటానికి నన్ను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగేవారు. అప్పుడు ఈ కూతురే నా కడుపులో ఉంది. అంతకు ముందోసారి గర్భం నిలవలేదు. ఈసారి రక్తం తక్కువని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు భయం. మాత్రలు వేసుకునేదాన్ని. మధ్యాహ్నం తిండి మాత్రం బస్టాండులో నిలబడి మిరపకాయ బజ్జీలు, టీ. పల్లెల్లో గర్భిణులకు ఆకుకూరలు తినమని చెప్పేదీ నేనే.

గిద్దలూరులో ఒకరోజు మేడం నా చేతిలో బజ్జీల పొట్లం చూశారు. భోజనం హోటలుకు తీసుకుపోయి, వంటగది గుమ్మంలో నిలబడ్డారు.

"సుబ్బన్నా, ఈ పొద్దు ఆకుకూర ఏం చేసినావు?"

"హోటలుకొచ్చి ఆకుకూర ఎవరు తింటారు మేడం? ఇంట్లో అదే, ఈడా అదేనా?"

"ఇంట్లో తినే తీరికుంటే నీ మొహం చూడ్డానికి ఎందుకొస్తాం? బేస్తవారం మళ్లీ వస్తాం. తోటకూర పప్పు చెయ్యి. మిగిలితే నా నెత్తిన పొయ్యి."

బేస్తవారం పప్పు మిగల్లేదు. పక్క బల్ల మీది లారీ డ్రైవర్లు కూడా అడిగి వేయించుకున్నారు. నేను పూరీల వైపు చూస్తుంటే మేడం, "వద్దనలేదే! ముందు ఇది తిను, నిమ్మకాయ పిండుకో. ఇంకా ఆకలుంటే పూరీ చెబుదాం" అన్నారు. తర్వాత ప్రతి బేస్తవారం అంతే, పూరీకి ఆకలి ఉండేది కాదు.

ఆమెకు కష్టమంతా టీతోనే. తినగానే టీ పడకపోతే తలనొప్పి వచ్చేది. భోజనం మీద వెంటనే టీ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని నన్ను ఆగమన్నారు. సుబ్బన్న తెచ్చిన తన గ్లాసు కూడా వెనక్కి పంపించారు.

"మీకేమైంది మేడం, మీరు తాగండి."

"నేను తాగుతా నిన్ను వద్దంటే వింటావా? లోపల తిట్టుకుంటావు."

బస్సులో కణతలు నొక్కుకుంటూ కూర్చునేవారు. దిగిన ఊళ్లో పని చూసుకున్నాక ఇద్దరం కలిసి తాగేవాళ్లం.

నెలలు నిండే ముందు రక్తం పెరిగిందని తెలిసింది. మాత్రల వల్లో, పప్పు వల్లో, ఆ పూట ఒక మనిషి తోడుగా కూర్చుని తిన్నందువల్లో నాకు తెలియదు. ఫోను చేసి చెబితే మేడం, "అల్‌హందులిల్లా" అని దేవుణ్ణి తలుచుకుని, "అయితే ఈ బేస్తవారం పూరీ తిందాం" అన్నారు. తిన్నాం.

నిన్న హోటల్లో పాలకూర పప్పు ఉందన్నారు. కూతురు గొణుక్కుంటూనే రెండుసార్లు వేయించుకుంది. తిన్నాక సర్వరు అడక్కుండానే రెండు టీలు పెట్టాడు.

"నాకు వద్దంటావు కదా, నువ్వు తాగు" అని కూతురు తన గ్లాసు పక్కకు జరిపింది. మూతి ముడుచుకునే ఉంది.

నేను రెండు గ్లాసులూ వెనక్కి పంపించాను.

"నీకేమైందమ్మా?"

"సాయంత్రం ఇద్దరం తాగుదాంలే" అన్నాను.

ఇల్లు చేరేసరికి నాకు తలనొప్పి మొదలైంది.