పాలు పిండే చేతికి పగ్గం వేసిన షాహీనా

మొన్న పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సులో, నా ముందు సీటులో కూర్చున్న ఒక తల్లి తన బిడ్డ చెప్పుల పట్టీ లాగింది. ఈ కాలపు పిల్లల చెప్పులకు ఒకదానికొకటి అంటుకునే పట్టీలు కదా, లాగితే చర్రుమంటాయి. ఆ చప్పుడు చెవిన పడగానే నా ఎడమచెయ్యి ఒళ్ళోంచి తనంతట తానే వెనక్కి జరిగి కొంగు కింద దాక్కుంది. పక్కనున్న మనిషి నన్ను వింతగా చూసింది. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఇన్నేళ్ళయినా షాహీనా భయం నాకు పోలేదు.

షాహీనాను మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. పుంగనూరులో నేను పాలు పోసే ఇళ్ళలో ఒక ఇంటి ఆడపిల్ల. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేది. కుప్పం వైపు ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసేది. అంటే డాక్టరు కోసి కుట్టిన చెయ్యో కాలో మళ్ళీ పనిలోకి వచ్చేటట్టు చేయించే ఉద్యోగం. డాక్టరు పని ఒక పూటతో అయిపోతుంది. షాహీనా పని నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో రోగి ఆమెను తిట్టుకోని రోజు ఉండదు. నేనూ తిట్టుకున్నాను, మనసులో కాదు, ఎదురుగానే. నా నోటి సంగతి మా పల్లెలో అందరికీ తెలుసు.

నా చెయ్యి తెగింది గడ్డి కోస్తుండగా. ఎడమచేత్తో గడ్డి పిడికిట పట్టుకుని కుడిచేత్తో కొడవలి లాగుతుంటే అది జారి నడిమివేలు, ఉంగరపువేళ్ళ మొదళ్ళలో, అరచేతి వైపు దిగింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, గడ్డిమోపు ఎత్తుకుని ఇంటికొచ్చాను. మా వైపు ఎవరైనా అంతే చేస్తారు. రక్తం ఆగితే గాయం మానినట్టే లెక్క. వారం తిరిగేసరికి పైతోలు చక్కగా అతుక్కుంది. ఆ రెండు వేళ్ళు మాత్రం ముడుచుకోవడం లేదు. మా ఆయన మునెప్ప చూసి, "యాడో ఎముక పక్కకు పోయింటాది. నాటుకట్టు ఏయించుకుంటే సరిపోతాది" అన్నాడు. సరే, వచ్చే మంగళవారం పోదామనుకున్నాం.

ఆ మంగళవారం రాకముందే షాహీనా చూసింది. సెలవుకు ఇంటికొచ్చి ఉండింది. పాలగిన్నె తీసుకుని బయటికొచ్చిన పిల్ల గిన్నె అక్కడే గడప మీద పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

"పాలత్తా, ఈ రెండు వేళ్ళు యాల ఇట్ల నిలబడుకోనుండాయి?"

"కొడవలి తగిలిందిలే పాపా. మానిపోయింది."

"తోలు మానింది. యాదీ, మడుసు."

మడవబోయాను. మిగతా వేళ్ళు ముడుచుకున్నాయి. ఆ రెండూ నాతో తగువు పెట్టుకున్నట్టు చాపుకునే ఉన్నాయి. ఆమె వేలి మధ్యభాగం కదలకుండా పట్టుకుని కొసను మాత్రం వంచమంది. కొస వంగలేదు. కట్టు బిగువుకు బిగుసుకుపోయి ఉంటాయని నేనంటే, ఆమె తన వేలితో నా వేళ్ళను అరచేతిలోకి నెట్టింది. మెత్తగా మడతపడ్డాయి. వదిలితే మళ్ళీ చాపుకున్నాయి.

"బిగుసుకోలేదత్తా. లాగే తాడు తెగిపోయింది" అంది.

అప్పుడు ఆమె చెప్పిన పాఠం నేనింతవరకు ఎంతమందికి చెప్పానో. వేళ్ళను మడిచే కండ వేళ్ళలో ఉండదట, మోచేతి కింద ఉంటుందట. అక్కడి నుంచి గట్టి తాళ్ళలాంటివి మణికట్టు దాటి, అరచేతి గుండా వేలి కొసదాకా పోతాయట. కండ బిగిస్తే తాడు లాగుతుంది, వేలు ముడుచుకుంటుంది. మనం నరం అంటాం గానీ అది నరం కాదు, రక్తనాళమూ కాదు. స్నాయువు అంటారు. ఈ మాట నేను చాలా రోజులకు గానీ సరిగ్గా పలకలేకపోయాను.

"అత్తా, లంగాబొందు తెగి లోపలికి పోతే ఏం జేస్తావు?" అని అడిగింది.

"పిన్నీసు గుచ్చి ఎతికి ఎనక్కి లాగుతా."

"ఇదీ అంతే. తెగిన కొస లోపలికి జారి అరచేతిలో యాడో కూర్చోనుంటాది. డాక్టరు దాన్ని ఎతికి, లాగి, రెండు కొసలూ కలిపి కుట్టల్ల. ఊరికే ఉండేకొద్దీ ఆ దారి మూసుకుంటాది. కట్టు కట్టించుకుంటే ఎవురు లాగుతారు? మంగళవారం నాటుకట్టు గాదు, రేపే కుప్పం."

"రేపు నాకు కుదరదు. ఆవు ఈనుండాది."

"నక్కో అత్తా, నక్కో!" అంది. కోపమొస్తే ఆమె నోట ఇంటిభాష వచ్చేది. వద్దు, ఆ మాట ఎత్తొద్దు అని దానర్థం. ఆ నక్కో తర్వాత నాకెన్నిసార్లు తగిలిందో చెప్పలేను. మరుసటి రోజు కుప్పం బస్సులో నేనున్నాను, పక్కన మునెప్ప, ముందు సీటులో వెనక్కి తిరిగి మాకు కాపలా కాస్తూ షాహీనా.

డాక్టరు కుట్టాడు. మంచి డాక్టరు. రెండు మాటలు మాట్లాడి పోయాడు. మూడో మాట నుంచి షాహీనాదే. చేతి వెనకవైపు దొన్నెలాంటి గట్టి ప్లాస్టిక్ తొడుగు పెట్టి, మణికట్టు, వేళ్ళు కాస్త లోపలికి వంగి ఉండేటట్టు అంటుకునే పట్టీలతో బిగించింది. గంట గంటకూ కుడిచేత్తో ఆ వేళ్ళను మెల్లగా అరచేతిలోకి మడిచి, వదిలేసి, తొడుగు తగిలేదాకా చాపాలి. వాటంతట అవి ముడుచుకోకూడదు. ఏమీ పట్టుకోకూడదు. పట్టీ అసలు విప్పకూడదు.

"మడవొద్దంటావు, ఊరికే పెట్టొద్దంటావు. ఏం జేసి సావల్ల నేను?" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "ఊరికే పెడితే తాడు సుట్టూ ఉండే మాంసానికి అతుక్కోని మళ్ళీ కదల్దు. బలంగా లాగితే కుట్టు తెగుతాది. ఈ రెంటి నడుమ సన్నదారి ఉండాది. ఆ దారిలో నడిపించేదే నా పని. నువ్వు దొర్లిపోకుండా ఉండేది నీ పని" అంది. వయసులో నా కూతురంత పిల్ల, నాతో అట్లా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. నచ్చింది.

కానీ ఆవుకు ఈ మాటలు ఎవరు చెబుతారు? నా గౌరికి నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి సరిపోదు. మునెప్ప దగ్గరికి పోతే తన్నేది. నేను కుడిచేత్తో ఒక్కదాన్నే పిండేదాన్ని. ఆవు చేపి చన్నుల్లోకి దింపిన పాలు కాసేపే జారుతాయి. ఆలోపల పిండేసుకోకపోతే మళ్ళీ పైకి ఎగబట్టేస్తుంది. ఒంటిచేతికి ఆ వేగం ఎక్కడిది? సగం పాలు లోపలే ఉండిపోయేవి. ఒక ఆదివారం పొద్దున చూస్తే పొదుగు ఒకవైపు రాయిలా ఉంది. చెయ్యి పెడితే వేడి. ఆవు కాలు మార్చి కాలు మార్చి నిలబడుతోంది. పొదుగువాపు వస్తే ఆ చన్ను మళ్ళీ పాలివ్వదు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఆవు మీదే. కుట్టు మాట నాకు గుర్తుకు రాలేదనను. వచ్చింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. పాకలో కూర్చుని పళ్ళతో పట్టీ పట్టి లాగాను. చర్రుమంది.

"అత్తా!"

నా చెయ్యి చూసిపోదామని షాహీనా అప్పుడే ఆటో దిగి వస్తోందట. వాకిట్లోంచే ఆ చప్పుడు పోల్చుకుంది. చెప్పులు కూడా విప్పకుండా పాకలోకి దూసుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"మడిసినావా?"

"లేదు. ఇప్పినా, అంతే."

"ఇప్పుడా తాడు కుట్టుదారం మీద నిలబడుకోనుండాది, దాని బలం మీద గాదు. సన్ను గట్టిగా పట్టుకుంటే పుటుక్కుమంటాది. మళ్ళా కుట్టేది ఇంత సులువు గాదు. రెండు వేళ్ళూ జన్మంతా కర్రల మాదిరి ఉంటాయి. అప్పుడు ఈ ఆవుకే గాదు, ఏ ఆవుకూ పనికిరావు."

"మరి దీని గతి? సూడు, ఎట్ల ఉండాదో! నీకేం పాపా, కుప్పం బోయి కుర్చీలో కూర్చుంటావు!"

ఆ మాట గట్టిగానే తగిలి ఉండాలి. పట్టీలు మళ్ళీ బిగించింది. తర్వాత ఆవును, పొదుగును చూసి, "నువ్వు ఊరికి పోతే ఎవురు పిండతారు?" అని అడిగింది.

మా అత్త బతికున్నప్పుడు ఒక పద్ధతి ఉండేది. నేను పుట్టింటికి పోతే, నేను విడిచిన చీర ఒంటికి చుట్టుకుని పొదుగు దగ్గర కూర్చునేది. ఆవు వాసన పట్టి నేనే అనుకుని చేపేది. ఆ మాట చెప్పాను.

"చీర యాడుండాది?" అంది షాహీనా.

దండెం మీదున్న నా పాతచీర చుడీదారు మీదనే చుట్టుకుంది, అడ్డదిడ్డంగా, నెత్తిమీదుగా. నేను గౌరి తల దగ్గర నిలబడి గంగడోలు నిమురుతూ రోజూ మాట్లాడే మాటలే మాట్లాడాను. ఆవు మెడ తిప్పి ఆ చీరను వాసన చూసింది. ఒక ఊపిరి వదిలింది. తన్నలేదు. షాహీనా రెండు వేళ్ళతో చన్ను పట్టుకుని కిందికి లాగింది. చుక్క రాలేదు.

"లాగొద్దు పాపా! పైన చూపుడువేలితో బిగించు, పాలు పైకి పోకుండా. ఆ కింద నడిమివేలు. ఆ తర్వాత ఉంగరపువేలు. చిటికెనవేలు ఆఖర. ఒకదాని ఎనక ఒకటి రావల్ల."

రెండుమూడు సార్లు తప్పింది. తర్వాత సన్నటి ధార చెంబు అంచుకు తగిలింది. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. "అత్తా, ఒక్కో వేలికి ఇంత బలం గావల్లనా! నేను నీ చేతిని పిడికిలి దాకా తెస్తే సాలనుకుంటి. సాలదు" అంది. ఆ పొద్దున ఆమె చేతులు పడిపోయేదాకా పిండింది. పొదుగు మెత్తబడింది. వాకిట్లో నిలబడి చూస్తున్న మునెప్ప నవ్వు ఆపుకోలేక, "డాక్టరమ్మ బాగుండాది చీరలో" అన్నాడు.

"నవ్వు మామా, బాగా నవ్వు. ఆదివారం నేనొస్తా. మిగతా దినాలు ఈ చీర నువ్వే కట్టుకోవల్ల" అంది.

మునెప్ప కట్టుకున్నాడు. ఆదివారాలు తప్ప రోజూ, రెండు పూటలా. పంచె మీద నా చీర చుట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని పాకలోకి పోయేవాడు. పక్కింటివాళ్ళు "యాల మునెప్పా, ఈ పొద్దు తలలో పూలు పెట్టుకోలేదా?" అని గోడ మీంచి అడిగేవాళ్ళు. మొదట్లో తలుపు వేసుకున్నాడు, తర్వాత వాళ్ళకే ఎదురు జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. పొదుగు నిలిచింది, నా కుట్టు నిలిచింది.

నా కుడిచెయ్యికి మాత్రం పని లేకుండాపోయింది. షాహీనాకు అదే భయం. ఊరికే ఉన్న చెయ్యి పక్కచేతిని కూడా పనికి పిలుస్తుందని ఆమె లెక్క. ఒక ఆదివారం పలకా బలపం తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఈ వయసులో నాకెందుకన్నాను. "నీ ఎడమచెయ్యి బాగయ్యేదాకా ఈ చేతిని కట్టెయ్యల్ల. తాడు లేదు, అందుకని అక్షరాలు" అంది. అట్లా మొదలైంది నా చదువు. పలక ఒళ్ళో, ఎడమచెయ్యి దిండు మీద, గంటకోసారి వేళ్ళు మడవడం, మధ్యలో గుణింతాలు. కూరగాయల సంచి మీది అక్షరాలు, బస్సు బోర్డులు, మందుల చీటీలు చదవడం మొదలుపెట్టాను. ఆమె ఆనాడు పలక పెట్టకపోతే ఇప్పుడు ఈ మాటలు మీదాకా వచ్చేవి కావు.

తొడుగు తీసిన తర్వాత పని మరీ కష్టమైంది. స్వంతంగా మడవడం, మెత్తటి స్పాంజి నొక్కడం, ఆ తర్వాత గోరువెచ్చని సంగటిముద్ద పిసకడం. సంగటి నా ఆలోచనే. ఆసుపత్రిలో ఇచ్చిన బంకముద్ద నాకు నచ్చలేదు, తినడానికి పనికిరాదు కదా. షాహీనా నవ్వి ఒప్పుకుంది. నడిమివేలు రోజురోజుకూ అరచేతి దగ్గరికి వచ్చింది, ఒకరోజు తాకింది. ఉంగరపువేలు సగం దూరం వచ్చి ఆగిపోయింది. నెల గడిచినా అక్కడే.

కుప్పంలో ఆమె బల్ల ముందు కూర్చుని సూటిగా అడిగాను. "పాపా, ఇది పూర్తిగా వస్తాదా, రాదా?"

చుట్టూ ఇంకా మనుషులున్నారు. పక్కనున్న ఆయన నా మీద జాలిపడి, "వస్తాదిలేమ్మా, దేవుడుండాడు" అన్నాడు. షాహీనా నా వేలు పట్టుకుని వంచి చూసింది, మళ్ళీ చూసింది. తర్వాత నా కళ్ళలోకి చూసి, "రాదత్తా. ఇంకొంచెం వస్తాది, అంతే. లోపల అతుక్కోనుండాది. మళ్ళా కోసి ఇడిపించొచ్చు, కానీ ఉండేది గూడా పోవచ్చు. నేనైతే వద్దంటా" అంది.

నేను ఏడవలేదు. నాకు ఆ మాటే కావాల్సింది. తెగినప్పటి నుంచీ నాతో అందరూ వస్తాదిలే, అవుతాదిలే అంటున్నారు. రాదని చెప్పే ధైర్యం ఆమెకొక్కదానికే ఉండింది. రాదని తేలాక ఇక ఉన్నవాటితో పనెట్లా చేయాలా అని చూసుకున్నాం. చిటికెనవేలిని కాస్త ముందుకు తెచ్చి ఉంగరపువేలి పని దానిచేత చేయించడం ఆమే నేర్పింది, బల్ల మీద తన చూపుడువేలినే చన్నుగా పట్టించి.

పాలు పిండొచ్చని ఆమె చెప్పిన నాడు పొద్దున నేను ముందుగా వేడినీళ్ళలో చెయ్యి కాపుకున్నాను. గౌరి దగ్గర కూర్చున్నాను. చూపుడువేలు బిగించింది, నడిమివేలు బిగించింది, ఉంగరపువేలు పక్కకు జరిగి నిలబడింది, చిటికెనవేలు దాని మీదుగా వచ్చి మూసింది. ధార వచ్చింది. కొంచెం వంకరగా వచ్చింది, చెంబులోనే పడింది. ఆవు నెమరు వేస్తూనే ఉంది. మునెప్ప పాకవాకిట నిలబడి, "అమ్మయ్య, ఇంక నా చీర నేను మడిసి పెట్టేసుకుంటా" అన్నాడు.

షాహీనా ఇప్పుడు బెంగళూరులో ఉంది. ఫోన్ చేస్తే ముందు నన్నడగదు, చేతినడుగుతుంది. పాలకేంద్రం దగ్గర కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు నేను బిందె ఎత్తేటప్పుడు ఆ వేలిని చూస్తారు. "అయ్యో అక్కా, ఆ వేలు బాగుకానేలేదే" అంటారు. నేను బిందె దించి, చెయ్యి వాళ్ళ ముందు చాపి, మడిచి చూపిస్తాను. "బాగు కాకపోవడమేమి? ఇది బాగైన వేలే. బాగైనాక ఇట్లనే ఉంటాది" అంటాను.