హన్నా నిరాహార దీక్ష

హన్నాకు రాజకీయాలు పట్టవు. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటించే ఉద్యోగం ఆమెది. భర్త సుధీర్ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా, కాపురం లాలాగూడ క్వార్టర్లో. భీమవరం నుంచి కోడలిగా వచ్చి రెండేళ్లయింది. అలాంటి మనిషి 2010 జనవరిలో ఒక సాయంత్రం తెలంగాణ కోసం ప్రాణాలకు తెగించిన వీరవనితగా టీవీలో కనిపించింది. అందుకు కారణం ఉద్యమం కాదు, అత్తగారు.

అత్తగారు అమృతమ్మ రిటైరైన టీచరు, చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ముగ్గుర్ని కన్నది కాబట్టి కాన్పుల సంగతి డాక్టర్ల కన్నా తనకే బాగా తెలుసని ఆవిడ నమ్మకం. హన్నాకు నాలుగో నెల రాగానే ఆవిడ సిద్ధాంతం అమల్లోకి వచ్చింది. తల్లి తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉంటుంది, బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సుళువవుతుంది. గుడ్డు వేడి, బొప్పాయి మరీ వేడి, అరటిపండు జలుబు, పప్పు వాయువు. ఇవన్నీ పోగా మిగిలింది చారన్నం, అదీ రెండు గరిటెలు. దాని ముందు చేసే ప్రార్థనకు మాత్రం ఏ పథ్యమూ లేదు. ఆమెన్ అనేసరికి అన్నం చల్లారిపోయేది.

"ఇంకొంచెం పెట్టండి అత్తయ్యగారూ."

"పెట్టడానికి నాకేం నొప్పి? రేపు నొప్పులు పడేది నువ్వు," అనేది అమృతమ్మ.

సుధీర్ తల వంచుకుని తన చేప ముక్కలో ముళ్లు ఏరుకునేవాడు. డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటే పిల్ల నల్లగా పుడుతుందని అత్తగారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఏడో నెల దాటేసరికి హన్నాకు రెండు మెట్లెక్కితే ఆయాసం. పిక్కలు పట్టేసేవి, దువ్వెన నిండా జుట్టు వచ్చేది. ఒకరోజు లైబ్రరీలో ఎవరూ చూడకుండా సుద్దముక్క కొరికింది. బాగుంది. ఇంకొకటి కొరికింది. మనిషి చిక్కిపోతోందని తోటివాళ్లు అంటే, కడుపుతో ఉన్నవాళ్లు అంతేనేమో అనుకుంది.

ఆ రోజు బందు. బస్సులు లేవు. పొద్దున కాఫీ నీళ్లు తాగి క్యాంపస్ దాకా నడిచి వెళ్లింది. లైబ్రరీకి తాళం. మళ్లీ వెనక్కి నడక. తార్నాకలో రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్ష టెంటు. ఇంట్లో ఇడ్లీలు తినొచ్చి పదింటికి కూర్చోవడం, ఐదింటికి నిమ్మరసం తాగి లేవడం, మర్నాడు ఇంకో బ్యాచ్. టెంటు పక్కనే ఎవరో మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఆ వాసనకు హన్నా ఆగింది. అంతే, కళ్లు చీకట్లు కమ్మి టెంటు ముందు కూలబడిపోయింది.

"అక్క పడిపోయింది! జై తెలంగాణ!" అని ఎవరో అరిచారు. ఒక టీవీ కెమెరా పరుగెత్తుకొచ్చి, పొట్టను ఒకసారి, బ్యానర్‌ను ఒకసారి తీసుకుని వెళ్లిపోయింది.

ముందు వరసలో కూర్చున్న ఉప్పలమ్మ లేచి వచ్చి ముఖాన నీళ్లు చల్లింది. మాణికేశ్వర్ నగర్ మనిషి. హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది, ఆవేళ దీక్ష ఆమె వంతు.

"ఎన్ని దినాలాయె బిడ్డా దీక్షల కూసొని?"

"దీక్ష కాదండీ. మా అత్తగారు..."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"కాఫీ."

"నిన్న?"

"చారన్నం."

ఉప్పలమ్మ ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. "మేమంటే సర్కారుతోని కొట్లాడుతున్నం. నువ్వెవరితోని కొట్లాడుతున్నవే?"

ఐదింటి తర్వాత తినడానికి తెచ్చుకున్న డబ్బా తీసింది. జొన్నరొట్టె, కోడిగుడ్డు కూర. బ్యానర్ కిందే కూర్చుని హన్నా మొత్తం తినేసింది. తింటూ ఏడ్చింది, ఏడుస్తూ అత్తగారి పథ్యం సంగతంతా చెప్పింది, ఇంకో రొట్టె అడిగింది. తర్వాత ఉప్పలమ్మ ఎవరిదో ఆటో ఆపించి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"నిండు గర్భిణి దీక్ష, పరిస్థితి విషమం" అని టీవీలో చూసి అమృతమ్మ కొడుకును వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చి పడింది. "మన వాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారే! నిన్నెవరు చేయమన్నారు దీక్ష?"

"మీరేనంట గదా పెద్దమ్మా," అంది ఉప్పలమ్మ. "నాలుగు నెలల సంది."

డాక్టరమ్మ కాగితం చూపించింది. రక్తం ఏడు పాయింట్లు. బిడ్డ ఎదుగుదల నెల రోజులు వెనకబడింది. "చిన్న బిడ్డయితే కాన్పు సుళువని ఎవరు చెప్పారమ్మా? తల్లి రక్తంలోంచి, ఎముకల్లోంచి ఎంత లాక్కున్నా ఈ బిడ్డకు చాలట్లేదు. నొప్పులు తట్టుకునే బలం ఇద్దరికీ లేదు. కొంచెం రక్తం పోయినా ఈ అమ్మాయి బతకడం కష్టం. కడుపులో పస్తున్న పిల్లలకు పెద్దయ్యాక షుగర్, బీపీ వచ్చే భయం కూడా ఎక్కువ."

సుధీర్ తల్లికి చెప్పకుండా బయటికి వెళ్లి, ఉడకబెట్టిన గుడ్లు, డజను అరటిపండ్లు పట్టుకొచ్చాడు. పెళ్లయ్యాక అతను సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అది.

హన్నాకు రక్తం ఎక్కించారు. మిగిలిన వారాలు వేళకు తిండి, మాత్రలు. అయినా పోయిన నెలలు పూర్తిగా తిరిగి రాలేదు. పాప అక్షర రెండు కిలోల వంద గ్రాములతో పుట్టింది, ఏడుపు పిల్లికూతంత. వెచ్చగా ఉంచే పెట్టెలో పది రోజులు పెట్టారు. కాన్పు సుళువేమీ కాలేదు, పద్దెనిమిది గంటలు పట్టింది. పిల్ల పదిహేనో నెలలో నడిచింది. హన్నా మునుపటి మనిషి కావడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

తప్పయిందని అమృతమ్మ ఎవరి ముందూ ఒప్పుకోలేదు. కానీ స్త్రీల సమాజంలో కడుపుతో ఉన్న ఆడపిల్ల కనబడితే చాలు, గుడ్డు తినాలి, ఐరన్ మాత్ర మానకూడదు అని అరగంట ప్రసంగించేది, తనే కనిపెట్టినట్టు. వెనక బెంచీలో కూర్చున్న హన్నా ఆ మాటకు తలూపుతూ, సంచిలోని పల్లీ పట్టీ తీసి పక్కనున్న గర్భిణి చేతిలో పెట్టేది. ఇంకా ప్రార్థన అవలేదని ఆ అమ్మాయి సందేహిస్తే, "దేవుడు ఏమీ అనుకోడు, తిను," అనేది.