మూత పెట్టిన జాడీలు: ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నా పరిశోధన మొదలైన రోజు

మీకు పొగబండి అంటే ఇష్టం. ఆ పొగ ఎవరి అన్నంలో పడిందో మీకు అక్కర్లేదు. ఈ మాట మిమ్మల్నే అంటున్నాను. ఖరగ్‌పూర్‌లో దిగి, ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద ఫోటో తీయించుకుని, పాత ఆవిరి ఇంజన్ల గురించి రెండు తీపి ముక్కలు రాసి, పట్టాల అవతల ఎవరున్నారో అడక్కుండా తిరుగు బండెక్కే మిమ్మల్నే. ఈమధ్య పాత రైల్వే ఊళ్లు చూసి రావడం ఒక ముచ్చటైంది. నేనక్కడ కొన్నాళ్లు తిరిగానని తెలిసి, ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏం తినాలి అని అడుగుతున్నారు. చెప్తాను. కానీ నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది ముచ్చటకి కాదు కాబట్టి, నా పద్ధతిలోనే చెప్తాను.

ఎనభైల చివర్లో ఎమ్మెస్సీ ముగించి, విశాఖపట్నంలో పర్యావరణ శాస్త్రంలో పరిశోధక విద్యార్థినిగా చేరాను. ఆ చదువు పేరు చెబితే జనం "అంటే మొక్కలు నాటడమా?" అనేవాళ్లు. మా డిపార్ట్‌మెంటంటే ఇంకెవరో ఖాళీ చేసిన రెండు గదులు, ఒక తూకం యంత్రం, దాని తాళం చెవి ఉన్న ఒక అటెండరు. ఆయన సెలవు పెడితే ఆ రోజు శాస్త్రానికీ సెలవే. మా గైడు గారు మొదటి వారమే నన్ను పిలిచి, "ఖరగ్‌పూర్‌లో మీ పిన్ని ఉందన్నావు కదమ్మా, అయితే రైల్వే యార్డుల చుట్టూ పడే మసి మీద చెయ్యి. బస ఖర్చు కలిసొస్తుంది" అన్నారు. మన దేశంలో పరిశోధనాంశాలు ఎలా పుడతాయో ఎవరైనా చరిత్ర రాస్తే దయచేసి ఇది చేర్చండి. నా అంశాన్ని ఎంచింది శాస్త్రం కాదు, మా పిన్ని ఇంటి వరండా.

పద్ధతి చాలా తేలిక. వెడల్పు మూతి గాజు జాడీల్లో శుద్ధి చేసిన నీళ్లు పోసి ఆరుబయట నెల్లాళ్లు తెరిచి ఉంచాలి. గాలిలోంచి రాలిన దుమ్ము, మసి ఆ నీళ్లలో పడతాయి. వడగట్టి, ఆరబెట్టి, తూకం వేస్తే ఆ చోట ఎంత మసి రాలుతోందో తెలుస్తుంది. నిమ్‌పురా వైపు ఆవిరి ఇంజన్ల షెడ్డు దగ్గర జాడీలు పెట్టడానికి అనుమతి రాలేదు. అందుకని ఇప్పుడు చెప్పబోయే ప్రయాణానికి నెల ముందు ఒక్క రోజు వెళ్లి, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పాత రైల్వే క్వార్టర్లలో పిన్నివాళ్ల లైనులోనే, అంటే ఆ ఇళ్ల వరసలోనే, అరడజను ఇళ్ల పెరటిగోడల మీద తీగలతో బిగించి వచ్చాను. పిల్లలు చెయ్యి పెట్టకుండా, కాకులు వాలకుండా చూడమని చెప్పాను. ఇప్పుడు వాటిని తెచ్చుకోవడానికి ప్రయాణం. సోమవారం యూనివర్సిటీ పరిశోధన కమిటీ ముందు మొదటి నెల ఫలితం చూపిస్తే నా రిజిస్ట్రేషన్ ఖాయం. రిజిస్ట్రేషన్ అయితేనే స్టైపెండు. చూపించలేకపోతే మళ్లీ ఆర్నెల్ల తర్వాతే కమిటీ. ఇంట్లో అప్పటికే "ఇంకా ఎన్నాళ్లు చదువుతుంది" అనే పాట మొదలైంది.

సాయంత్రం హౌరా వైపు వెళ్లే మెయిలెక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్‌లో దిగొచ్చు. ఇప్పుడు బళ్లు చాలా ఉన్నాయి, రాత్రి పడుకుని పొద్దున్న దిగేది చూసుకోండి. బరంపురం దాటాక నిద్ర పట్టకపోతే నన్ను తిట్టకండి, ఆ దారిలో అమ్మే టీ అలాంటిది. స్టేషన్ బయట సైకిల్ రిక్షాలుండేవి, ఇప్పుడు టోటోలు, అంటే బ్యాటరీ ఆటోలు. అప్పట్లో ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి రెండు మూడు రూపాయలు అడిగేవారు. బేరం లేకుండా ఎక్కితే వాళ్లే అనుమానంగా చూసేవారు. నేను పాతవాటి బదులు పెట్టడానికి తెచ్చిన ఖాళీ జాడీలున్న అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రిక్షా అతను నడి వయసు బెంగాలీ, వెనక్కి తిరిగి పెట్టెకేసి చూసి అడిగాడు.

"ఆచార్, దీదీ?"

"ఆవకాయ కాదు దాదా. దుమ్ము పట్టుకోవడానికి" అన్నాను వచ్చీరాని హిందీలో.

అతను ఇంకాసేపు తొక్కాడు. "దుమ్ము కోసం ఆంధ్రా నుంచి వచ్చారా? మీ దగ్గర అయిపోయిందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా డిపార్ట్‌మెంటులో ఎవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు మరి.

పిన్ని పేరు సరోజిని. అమ్మకు చెల్లెలు, పెళ్లయినప్పటి నుంచి ఆ క్వార్టర్‌లోనే ఉంది. బాబాయి డేవిడ్ షెడ్డులో ఫిట్టరు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్లు. ఆ లైనులో అటొక క్రైస్తవ ఇల్లు, ఇటొక హిందూ ఇల్లు, అన్నీ తెలుగు ఇళ్లే. గుమ్మంలో అడుగు పెట్టగానే పిన్ని అందుకుంది.

"ఏటే, ఇలగ సిక్కిపోనావు? మీ మేస్టారు తిండెట్టడేటి?"

"తర్వాత తింటాను పిన్నీ. ముందు జాడీలు చూడాలి."

"నీ జాడీలకేటైనాది? ఆదివారం ప్రార్థనలో కూడా వాటి కోసం సెప్పినాం. ఎళ్లి సూసుకో. తాగేసినా పరవాలేదు, అలగున్నాయి."

అలాగే ఉన్నాయి.  నెల్లాళ్లు ఇంజన్ల ఊళ్లో ఆరుబయట ఉన్న నీళ్లు, అడుగున గాజు మీద గీత కనపడేంత తేటగా ఉన్నాయి. పక్కింటికి వెళ్లాను, అక్కడా అంతే. చివరింటికి వెళ్లాను, అక్కడైతే ఒక గులాబీ రేకు కూడా వేసి ఉంచారు. బాబాయి చొక్కా నల్లగా తీగ మీద వేలాడుతోంది. జాడీలో మాత్రం మసి లేదు.

"పిన్నీ, ఇందులో మసి ఏదీ?"

"మసెందుకుంటాది? మేం లేమేటి?"

నాకర్థం కాలేదు. టిఫిను తింటూ పళ్లెం ముందు కూర్చున్నాను. సుమారు పది గంటలకు అర్థమైంది. లైను మొదటింటి అప్పలనర్సమ్మ గారు వీధిలోకి వచ్చి గరిటెతో పళ్లెం మీద కొడుతూ పిలిచింది. "షెడ్డు రాజేసినారర్రా, మూతలే, మూతలే."

ఆ తర్వాత జరిగింది మీరు ఏ రైల్వే మ్యూజియంలోనూ చూడరు. ప్రతి ఇంట్లోంచీ ఒక ఆడమనిషి పరుగున బయటికొచ్చింది. ఆరేసిన బట్టలు గుంజుకున్నారు. నీళ్ల బిందెలకి పళ్లేలు, పిండి గిన్నెలకి చేటలు, ఎండబెట్టిన వడియాలకి పాత చీర. ఎదురింట్లో ఉయ్యాల మీద దుప్పటి కప్పి పిల్లాడితో సహా లోపలికి లాగారు. తలుపులు, కిటికీలు వరసగా మూసుకున్నాయి. నిమ్‌పురా వైపు నుంచి నల్లటి పొగ వాలుగా వచ్చి లైను మీద కూర్చునేసరికి అక్కడ తెరిచిన వస్తువు ఒక్కటి లేదు. మా పిన్ని ఆ పరుగులోనే వెళ్లి, నా జాడీ మీద స్టీలు పళ్లెం బోర్లించి, దాని మీద రాయి పెట్టి వచ్చింది. గోడల వెంట చూస్తే అన్ని జాడీల మీదా పళ్లేలే. ఒకదాని మీద పూల డిజైను కూడా ఉంది.

"తియ్యి పిన్నీ, ఆ పళ్లెం తియ్యి."

"మతి పోయిందేటే? మసి పడిపోద్ది."

"పడాలి. పడడానికే పెట్టాను."

"మసి పడ్డానికి గాజు జాడీలో మంచినీళ్లు పోసి ఎవులెడతారే? మసే కావాలంటే మీ బాబాయి చొక్కా ఇత్తును గదా, రైలు ఖర్చు మిగిలేది."

"రోజూ ఇలాగే మూత పెట్టారా?"

"రోజుకెన్ని సార్లు రాజేస్తే అన్నిసార్లు. ఒకపాలి నాను సంతకెల్తే ఒక సుక్క నలుపు పడ్డాది. పారబోసి, జాడీ తోమి, కుళాయి నీళ్లు నింపినాను. నీ సదువు పాడైపోద్దని."

నేను తల పట్టుకుని కూర్చుంటే ఆవిడకు కోపం వచ్చింది. "నీళ్లబిందె కాడ్నించి ఉయ్యాల దాకా పుట్టినకాడ్నించి మూతలెడతన్నోళ్లం. మాకు మూతెట్టడం వచ్చుగాని, తెరిసి ఒగ్గేసి సూస్తా కూకోడం రాదు" అంది.

గోల్‌బజార్‌కి నడిచి వెళ్లి, ఫోన్ బూత్‌లో గంటసేపు వరసలో నిలబడి గైడు గారికి లైను కలిపించుకున్నాను. గోల్‌బజార్ తప్పక చూడండి, బట్టలు, చేపలు, పంచాంగాలు, గొడవలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. నేను జరిగింది చెప్పాను. ఆయన ప్రశాంతంగా విన్నారు. ఆ ప్రశాంతతే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మండుతుంది.

"నీళ్లు తేటగా ఉన్నాయన్నావు?"

"మూత పెట్టారు సర్."

"రోజంతానా?"

"మసి పడే వేళలన్నీ."

"మిగతా వేళలు తెరిచే ఉన్నాయి కదా. అయితే శాంపిల్ ఉన్నట్టే. తూకం వెయ్యి, వచ్చింది రాయి."

"ఏమీ రాదు సర్."

"ఏమీ లేకపోవడం కూడా ఫలితమేనమ్మా. రైల్వే వ్యవహారం మనకెందుకని కమిటీలో ఇప్పటికే ఒకరిద్దరు అంటున్నారు. మసి లేదంటే అందరికీ సంతోషం. నీ రిజిస్ట్రేషన్ అయిపోతుంది. మిగతాది తర్వాత చూసుకుందాం."

తర్వాత చూసుకుందాం. ఈ దేశంలో ఎన్ని ఊపిరితిత్తులు ఈ మాట కింద పాతిపెట్టారో లెక్క తేల్చేవాడు ఇంకా పుట్టలేదు. ఆయన చెడ్డవాడు కాడు, అదే నా బాధ. నా మేలు కోరే అన్నారు. అబద్ధం రాయమనలేదు. జాడీలో ఉన్నది రాయమన్నారు, అంతే. జాడీ మీద ఏముందో రాయడానికి మాత్రం ఆయన శాస్త్రంలో చోటు లేదు.

తిరిగి వచ్చేసరికి బాబాయి డ్యూటీ దిగి కంచం ముందు కూర్చున్నాడు. పప్పుచారు, ఎండుచేపల వేపుడు. ఖరగ్‌పూర్‌లో ఇంతకన్నా మంచి భోజనం నాకు ఏ హోటల్లోనూ దొరకలేదు, మీకూ దొరకదు. పిన్ని అప్పటికే అంతా చెప్పేసింది.

"జాడీలు ఖాళీ అంట గదమ్మా" అన్నాడు బాబాయి. "నా మొకం మీద మూత లేదు. దీన్ని పట్టుకుపో మీ మేస్టారి కాడికి."

"నవ్వకు బాబాయ్. మసి లేదని రాస్తే నా సీటు ఉంటుంది."

"రాసేయ్ మరి. నువ్వొక్కదానివేటి? మొన్న రైల్వే ఆఫీసరొకాయన క్వార్టర్లు సూడ్డానికొచ్చినాడు. పొగ తగ్గించే దారి సూడండి, పిల్లలు దగ్గుతన్నారు అని సెప్పినాం. లైను సివరిదాకా సూసి, బట్టలు తెల్లగానే ఉన్నాయి గదా, మీకేటి బాధ అన్నాడు."

పిన్ని గరిటె గిన్నెలో పడేసింది. "తెల్లగుండడానికి ఎన్నిసార్లు తీసినానో, ఎన్నిసార్లు ఉతికినానో ఆయన్ని ఎవులడిగినారు?"

నేను లేచి పెరట్లోకి వెళ్లాను. పళ్లెం తీసి, జాడీ విప్పి, నీళ్లు కాలవలో పారబోశాను. పక్కింట్లో, ఆ పక్కింట్లో, చివరింట్లో కూడా. గులాబీ రేకు కొట్టుకుపోయింది. పిన్ని నా వెనకే తిరిగింది.

"ఏటే ఇది? నెల్లాళ్లు కళ్లలో ఒత్తులేసుకుని కాపాడినాం గదే."

"అందుకే పిన్నీ. మీరు కాపాడిన దానికి గాలి బాగుందని పేరు పెడతారు. నేను పెట్టనివ్వను."

"మరి నీ సీటో?"

 నేను తెచ్చిన ఖాళీ జాడీల్లో కొత్త నీళ్లు పోసి, గోడల మీద బిగించి, మూత పెట్టనని మాటివ్వమన్నాను.  "నాదొకటీ ఒగ్గేత్తాను. మిగతావోళ్ల సంగతి నాకు తెలీదు. నాదైనా, సూడకుండా ఉంటే ఒగ్గగలను. పొగొచ్చినప్పుడు లోపలికెళ్లి తలుపేసుకుంతాను" అంది పిన్ని.

సాయంకాలం బండికి తిరిగి వచ్చాను. సోమవారం కమిటీ ముందు ఖాళీ చేతులతో నిలబడ్డాను. కారణం చెప్పాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన అజాగ్రత్త అన్నాడు, గైడు గారు కిటికీలోంచి బయటికి చూశారు. రిజిస్ట్రేషన్ వాయిదా పడింది, స్టైపెండు రాలేదు, ఆర్నెల్లు ట్యూషన్లు చెప్పుకుని బతికాను. ఆ తర్వాత పిన్ని పెరటిగోడ మీది జాడీలోంచి సిరా లాంటి నీళ్లు తెచ్చి అదే కమిటీ ముందు బల్ల మీద పెట్టాను. అజాగ్రత్త అన్న పెద్దమనిషి ముక్కు మూసుకుని, "అక్కడి జనం ఇందులోనే బతుకుతున్నారా?" అన్నాడు. "లేదు సర్, మూతలు పెట్టుకుని బతుకుతున్నారు" అన్నాను. రిజిస్ట్రేషన్ అయింది. ఆవిరి ఇంజన్లు పోయి కొత్తవి వచ్చేదాకా పొగ మాత్రం అలాగే ఉంది. నా థీసిస్ వల్ల ఒక్క పొగగొట్టం కూడా ఆగలేదు, ఆ సంగతి దాచను.

ఎక్కడికి వెళ్లినా శుభ్రంగా ఉన్న వీధి చూస్తే నాకిప్పుడు సంతోషం కన్నా ముందు అనుమానం వస్తుంది. అక్కడ మురికి లేదా, లేక ఎవరో రోజంతా దాని వెనక పరుగెత్తుతున్నారా? బీదవాళ్లు కష్టాన్ని ఒంటి చేత్తో కప్పేసుకుంటారు. కప్పేశారు కాబట్టి కష్టం లేదని పైవాళ్లు తేలుస్తారు. ప్రయాణం చేసేవాళ్లూ పరిశోధన చేసేవాళ్లూ ఇద్దరూ పడే గుంట ఇదే. మీరు వెళ్తే ఒక్క సలహా: ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి బండిలో కాకుండా పొద్దున్నే నడిచి వెళ్లండి. ఎవరైనా టీ ఇస్తే కూర్చుని తాగండి. తెలుగులో పలకరిస్తే తప్పకుండా ఇస్తారు.

ఇక నా డిమాండ్లు. ఇవి బతిమాలడాలు కావు.

పొగ ఫోటో వేసేవాళ్లు దాని కింద బతికినవాళ్ల గురించి కూడా రాయాలి.

ఇంటివాళ్లను అడక్కుండా వాళ్ల ఫోటో తియ్యకూడదు.

కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థికి మొదటి నెల నుంచే స్టైపెండు ఇవ్వాలి, ఫలితం ఏదైనా.

చుట్టాల ఇల్లు ఉందని కాకుండా, అవసరం ఉందని అంశం ఇవ్వాలి. బస ఖర్చు డిపార్ట్‌మెంటు పెట్టాలి.

ఏ వీధిలోనైనా పరికరం పెట్టేముందు ఆ వీధి ఆడవాళ్లతో ఒక రోజు కూర్చోవాలి.

ఎక్కడైనా గాలి బాగుందని, నీళ్లు బాగున్నాయని రాసే ప్రతివాడూ, వాటిని అలా ఉంచడానికి ఎవరు ఎంత పని చేస్తున్నారో అదే పేజీలో రాయాలి. రాయలేకపోతే ఆ మాట కొట్టెయ్యాలి.