చార్జింగ్ ఎక్కని పడవ

నా భార్య పోయిన తర్వాత నాకై నేను చేసిన మొదటి పని మా బామ్మర్ది పడవ బాగుచేయడం. అంతవరకూ చేసినవన్నీ పక్కవాళ్లు చేయమన్నవే. స్నానం చేయమంటే చేశాను, గుండు చేయించుకోమంటే చేయించుకున్నాను, తినమంటే తిన్నాను. శ్రీరాంపూర్ గనిలో నేను ఎలక్ట్రీషియన్‌ని. సెలవు అయిపోగానే డ్యూటీకెక్కి కేబుళ్లు చూశాను, స్విచ్చులు చూశాను, క్వార్టరుకు వచ్చి పడుకున్నాను. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. పన్ను పీకే ముందు మత్తు సూది ఇస్తే పెదవి మనది కానట్టు ఉంటుంది, చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉండేది.

ఆమె ఎండాకాలంలో ఒక పొద్దున వంటింట్లో బియ్యం చెరుగుతూ పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రి గేటు దాటకముందే అయిపోయింది. నేను ఏడవలేదు. ఏడవడం లేదని మా వాళ్లంతా కంగారుపడ్డారు. ఒకామె అయితే నా వీపు మీద గట్టిగా చరిచి మరీ చూసింది. దెబ్బ తగిలింది గానీ ఏడుపు రాలేదు. పోనీ కోపమైనా రావాలి కదా, అదీ రాలేదు.

మాకు పిల్లలు లేరు. ఆమె పెంచింది తన తమ్ముణ్నే. అతను కొన్నాళ్లు దుబాయ్‌లో ఉండి వస్తే, ఇక పోనివ్వనని పట్టుబట్టి, గోదావరి మీద చేపలు పట్టుకోవడానికి ఆ పడవ పెట్టించింది. ఇనుప రేకు పడవ, దానికి పాత ట్రాలీ ఆటోలోంచి తీసిన డీజిల్ ఇంజను. మంచిర్యాల దిగువన బ్యారేజీ కట్టాక నది మా దగ్గర చెరువులా నిలబడిపోయింది. తెడ్డు వేసుకుంటూ అంత నీళ్లలో తిరగడం ఎవరి వల్లా కాదు.

వానలు మొదలవబోతున్నాయనగా ఒక సెలవు రోజు అతను క్వార్టరుకు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, బోటు మళ్ల నిలవడ్డది."

"ఏడ?"

"నడి నీళ్లల్ల. వలేసేటప్పుడు ఇంజను బందు చేసిన. మళ్ల సెల్ఫ్ కొడ్తె టిక్కుమన్నది, గంతే. గాలి బ్యారేజీ దిక్కు గుంజవట్టె. వేరే బోటోళ్లు తాడేసి ఒడ్డుకు తెచ్చిన్రు."

చేత్తో తిప్పి స్టార్టు చేసే ఏర్పాటు ఆ ఇంజనుకు లేదు. బ్యాటరీ నిండుగా ఉంటేనే అది లేస్తుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాలి. నింపడం లేదన్నమాట.

"వానలు పడ్తె గేట్లెత్తుతరు బావా," అన్నాడు. "గేట్లెత్తినంక గిట్ల నిలవడ్డదనుకో..."

మిగతాది నేను మనసులో పూర్తి చేసుకున్నాను. పడవ, పడవలో ఇతను, తెరిచిన గేట్లు. కళ్ల ముందు అంతా కనపడింది గానీ లోపల ఏమీ కదల్లేదు. సరే వస్తానన్నాను, ఎందుకంటే అడిగాడు కాబట్టి; అక్కడిదాకా అదీ ఒకరు చేయమన్న పనే.

దారిలో అతను ఇప్పటిదాకా చేసిన వైద్యమంతా చెప్పాడు. ముందు కరీంనగర్ నుంచి కొత్త బ్యాటరీ తెచ్చాడు. కొన్నాళ్లకు అదీ పడుకుంది. బెల్టు మార్చాడు. తర్వాత డైనమో విప్పి మంచిర్యాలలో చూపిస్తే వాళ్లు తిప్పి చూసి బాగానే ఉందన్నారట. మళ్లీ ఇంకెవరో బ్యాటరీయే మోసమన్నారట. మా దిక్కు అంతే, కరెంటు వస్తువు ఏది చెడినా ముందు బ్యాటరీ మెడ మీద కత్తి పెడతారు.

"మీటర్ పెట్టి జూసిన్రా ఎవలన్నా?"

"ఎవలు జూస్తరు బావా. చెవు పెట్టి ఇంటరు, బ్యాటరీ అంటరు."

పడవ ఒడ్డున తుమ్మ మొద్దుకు కట్టి ఉంది. ఎక్కి మెయిన్ స్విచ్చు తీసేసి, సంచిలోంచి నా రేకు బిళ్ల తీసి దానికి తగిలించాను. గనిలో స్విచ్చు తీసినవాడు తన బిళ్ల తగిలించాలి, అతను తీసేదాకా ఇంకెవరూ స్విచ్చు వేయకూడదు. బామ్మర్ది అది చూసి నవ్వాడు.

"గీడ ఎవడొస్తడు బావా స్విచ్చెయ్యనీకె? చేపలొస్తయా?"

ఎవరో వేస్తారని కాదు. ఆ బిళ్ల వేలాడితే గానీ నా చేతులు పనిలోకి దిగవు. ఆ రోజుల్లో మాట వినేవి నాలో ఆ చేతులొక్కటే.

బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. తీగలు కదిపి చూశాను, ఎక్కడా ఊడలేదు. పైకి అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇక నడిపి చూడాల్సిందే అని బిళ్ల తీసి, అతను ఊళ్లో చార్జింగ్ పెట్టించి తెచ్చిన బ్యాటరీతో ఇంజను వేయమన్నాను. బ్యాటరీ మీద మీటర్ పెడితే ముల్లు పన్నెండు వోల్టుల దగ్గర ఆగింది. ఇంజను వేగం పెంచమన్నాను. ముల్లు ఆ పన్నెండునే పట్టుకుని కూర్చుంది. నిండుతున్న బ్యాటరీ అయితే పద్నాలుగు దాకా పోవాలి.

అక్కడి నుంచి మీటర్ తీసి నేరుగా డైనమోకే పెట్టాను. పద్నాలుగు దాటింది. అంటే డైనమో తన పని తాను చేస్తోంది, పుట్టిన కరెంటు బ్యాటరీకి చేరడం లేదు. ఎక్కడో దారిలో పోతోంది. దారి రెండు తీగలు. ఒకటి పోయేది, ఒకటి తిరిగొచ్చేది. పోయే తీగ ఈ చివర మీటర్ పుల్ల ఒకటి, ఆ చివర ఇంకొకటి పెట్టి చూశాను. ఏమీ చూపలేదు, అంటే అది మంచిదే. తిరిగొచ్చే తీగకు, అంటే అర్తింగుకు, అలాగే పెట్టాను. రెండు వోల్టులు చూపింది, అంటే అక్కడ కరెంటుకు ఏదో అడ్డం ఉంది.

"దొరికింది," అన్నాను. "అర్తింగు."

"గంతేనా?"

"గంతే. బ్యాటరీకి పెట్టిన పైసలు గోదాట్ల కలిసినయి."

ఇలాంటిది దొరికినప్పుడు మామూలుగా నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, ఇంటికి పోయి కథలా చెప్పేవాణ్ని కూడా. ఆ రోజు ఏమీ అనిపించలేదు. స్విచ్చు తీసి, బిళ్ల మళ్లీ తగిలించి, పానా అందుకున్నాను.

డైనమో విప్పినా దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ ఇంజనుకే ఉండిపోతుంది, దానికి రంగు వేసి ఉంటుంది. రంగు మీదుగా కరెంటు పోదు కాబట్టి, ఒకచోట మాత్రం రంగు గీకి, అక్కడ బోల్టుకు ఆ తీగ బిగిస్తారు. ఆ నట్టు విప్పాను. తీగ చివర ఉండే లగ్గు వెంటనే ఊడి రాలేదు, అతుక్కుపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో లేపితే పెచ్చుతో సహా వచ్చింది. కింద ఇనుము మీద పచ్చటి పొర, అంచుల్లో నల్లబడి, మధ్యలో ఎర్రగా ఉంది. తుప్పు ఇలా ఉండదే అనుకుంటూ గోటితో గీకి వాసన చూశాను.

పసుపు. నూనెతో కలిపిన పసుపు.

తలెత్తి బామ్మర్దిని చూశాను. అతను నా దిక్కు చూడకుండా నీళ్ల దిక్కు చూస్తున్నాడు.

"ఏందిర గిది?"

"అక్క పెట్టింది బావా. దసరకు."

పోయిన దసరాకు ముందురోజు మేమిద్దరం ఇంజను భాగాలు విప్పి కడిగాం. ఆ బోల్టు చోటును గరుకు కాగితంతో రుద్ది అద్దంలా చేసింది నేనే. నాకు రెండో షిఫ్టు ఉండడంతో తీగలు బిగించమని అతనికి చెప్పి డ్యూటీకి పోయాను. తర్వాత జరిగింది ఆ పడవలో కూర్చుని అతను చెబితే విన్నాను.

"అక్క పల్లెం పట్టుకొని వచ్చింది. ఇంజను ముందట కొబ్బరికాయ కొట్టింది. గీ బోల్టు కాడ మెరుస్తుంటె, గదేందిరా అని అడిగింది. కరెంటు గీడికెల్లే మర్లి వస్తదక్కా అన్న. గట్లయితె గాడ్నే పెట్టాలె, నువ్వు గూడ మంచిగ మర్లి రావాలె అన్నది. పసుపు రాసి బొట్టు పెట్టి పోయింది."

"పెడ్తె పెట్టింది. తుడిచి బిగియ్యొద్దా?"

"అక్క పెట్టిన బొట్టు తుడుస్తరా బావా ఎవలన్నా?" అన్నాడు అతను. "మీదికెల్లి బిగించిన. మస్తు దినాలు నడిచింది గద, ఇగ యాదికి లేకపాయె."

 నేనున్నా తుడిచేవాణ్ని కాదేమో. ఇనుము ఇనుమును తాకాల్సిన చోట పసుపు ఉంది. బోల్టు మీది మరలు తాకిన పుణ్యాన కొన్నాళ్లు నడిచింది, నది చెమ్మ పట్టాక అదీ పోయింది.

లగ్గు ఉన్న చోటి నుంచి ఒక గీత బయటికి వచ్చి ఉంది, ఇందాక జిడ్డులో నా కంట పడలేదు. పసుపు రాశాక వేలును కిందికి లాగితే పడే గీత. పక్కన నా వేలు పెట్టి చూశాను. నా వేలు లావు.

ఇంట్లో ఆమె చేత్తో చేసినదంటూ ఏదీ మిగల్లేదు. దినాల తర్వాత చీరలు ఆడపడుచులు పంచుకున్నారు. మిగతా బట్టలూ పక్కబట్టలూ ఎవరికో ఇచ్చేశారు. జాడీలో మామిడికాయ తొక్కు నేను గమనించకుండానే తినేశాను, ఒకరోజు గరిట అడుగుకు తగిలింది. అప్పుడు కూడా జాడీ కడిగి బోర్లించానంతే. ఇప్పుడు చూస్తే ఈ పచ్చటి గీత ఉంది, ఇంజను పక్కన, డీజిల్ మరకల మధ్య.

బామ్మర్దికీ అదే తోచినట్టుంది.

"దాన్ని అట్లనే ఉంచు బావా. పక్కపొంటి బోల్టు ఉన్నది గద, దానికెయ్యి తీగ."

పక్కన బోల్టు ఉన్నమాట నిజమే. అది బెల్టు బిగించే బోల్టు. బెల్టు సవరించినప్పుడల్లా వదులు చేయాలి, ఇంజను అదురుకు తనంతట తానే వదులవుతుంది కూడా. ఇప్పటికి చార్జింగ్ ఎక్కుతుంది. ఏదో ఒక రోజు, బహుశా గేట్లెత్తిన రోజునే, ఎక్కదు. ఇది నాకు ఎంత స్పష్టంగా తెలుసో, ఆ గీతను ముట్టుకోవడం నాకు ఇష్టం లేదన్నదీ అంతే స్పష్టంగా తెలిసింది. ఆమె పోయాక నాకు ఫలానాది కావాలని అనిపించడం అదే మొదలు. ఆ పసుపు నాకు కావాలి. సంచిలోంచి గరుకు కాగితం తీశాను.

ఆమె అది పెట్టింది తమ్ముడు తిరిగి రావాలని. ఉంచితే వాడు రాకపోవచ్చు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, అయినా చేయి కదల్లేదు. కదలమని చెప్పాల్సి వచ్చింది.

మొదటి రుద్దుకే ఎర్ర చుక్క పోయింది. పచ్చటి పొడి నా బొటనవేలి మీద, మోకాలి మీద పడింది. ఇనుము బయటపడేదాకా రుద్దాను. గీతను కూడా వదల్లేదు, సగం వదిలితే చెమ్మ అక్కడి నుంచే మళ్లీ లోపలికి పోతుంది. గుడ్డతో తుడిచి, లగ్గును కూడా రుద్ది తెల్లగా చేసి, వాషర్ వేసి నట్టు బిగించాను. వెనక బామ్మర్ది ముక్కు చీదుకుంటున్నాడు. ఏడుస్తున్నాడని తెలుసు. నేను తిరగలేదు.

"మీటర్ పట్టుకో," అన్నాను. "ఇంజనెయ్యి."

బిళ్ల తీశాను. ఇంజను లేచింది. బ్యాటరీ మీద ముల్లు పన్నెండు నుంచి మెల్లగా పైకి పాకి పద్నాలుగు దగ్గర నిలబడింది. వేగం పెంచినా తగ్గించినా అక్కడే ఉంది. అతను మీటర్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఎక్కుతుంది బావా."

"ఎక్కుతది. ఇగ నడి నీళ్లల్ల నిలవడది."

సామాన్లు సంచిలో వేసుకుంటున్నాను. ఇంజను చప్పుడులో వినపడదేమోనని అతను నా చెవి దగ్గరికి వంగాడు.

"బావా, వచ్చే దసరకు ఎవలు పెడ్తరు బొట్టు?"

"నేనే పెడ్త," అన్నాను. "నువ్వు నట్టు బిగించినంక."

అతను పకపకా నవ్వాడు, ముక్కు కారుతూనే. నాకూ నవ్వు వస్తోందనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది నవ్వు కాదు. పడవ అడుగున కూలబడి, సంచి మీద తల పెట్టుకుని ఏడ్చాను. చిన్నప్పుడు కూడా అంత గట్టిగా ఏడ్చి ఉండను. ఒడ్డున వలలు ఆరేసుకుంటూ జనం ఉన్నారు. బామ్మర్ది ఇంజను ఆపలేదు.