వెంకటేశును పార్టీ మార్చిన అరచెయ్యి

వసంతమ్మ పుట్టింది పులివెందుల, టైపు నేర్చింది ప్రొద్దుటూరు, బతుకుతున్నది జమ్మలమడుగు. ఈ మూడూళ్లలో ఏ నాయకుడికీ ఆమె చుట్టం కాదు. అందుకే ఆ రోజుల్లో రెండు పార్టీలు రాజీకొస్తే కాగితం కొట్టించడానికి కోర్టు ఎదుటి ఆమె బంకుకే వచ్చేవాళ్లు. పార్టీ అంటే ఓట్ల గుర్తొక్కటే అనుకునేరు. ఊళ్లో ఎవరి వెనక నిలబడతావో అదే నీ పార్టీ. అది మారావని తెలిస్తే మెడ మీద తల ఉంటుందన్న నమ్మకం లేదు.

ముప్పై ఏళ్లు టైపు మిషను వాయించిన మొరటు చేతులు వసంతమ్మవి. రిబ్బన్లు దొరకడం మానేశాక ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే బాషా ఒక పాత ల్యాప్‌టాప్ సరిచేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. అంతా బాగానే ఉంది గానీ, కీల కింద టచ్‌ప్యాడ్ అని ఒక పలక ఉంటుంది చూశారూ, అది ఆమెకు సవతైపోయింది. అరచెయ్యి ఆనితే చాలు, కర్సర్ ఎగిరి ఇంకెక్కడో కూర్చునేది. ఆ తర్వాత కొట్టిందంతా అక్కడే పడేది.

ఒకరోజు రాజుపాలెం వైపు నుంచి పెద్దన్న, ఓబులేసు తమ తమ మనుషులతో వచ్చారు. ఆరేళ్ల పగ, ఇక చాలనుకున్నారు. ఎవరూ ఎవరికీ కింద కాకూడదు గదా, కాబట్టి ఎడమ వరుసలో పెద్దన్న మనుషుల పేర్లు, కుడి వరుసలో ఓబులేసు మనుషుల పేర్లు. వసంతమ్మ ప్రింటు తీసి ఇచ్చింది. పెద్దన్న చదివి, వెనక నిలబడిన వెంకటేశు వైపు తిరిగాడు.

“ఎప్పుడు పొయినావురా ఆ పక్కకు?”

వెంకటేశు పేరు ఓబులేసు వరుసలో ఉంది. పాపం, అతను గబగబా ముందుకొచ్చాడు. “నేను యాడికీ పోలేదు మామా,” అన్నాడు.

“నా చెయ్యి తగిలిందప్పా. తప్పు నాదే,” అంది వసంతమ్మ.

“చెయ్యి తగిల్తే మనిషి పార్టీ మార్తాడా? ముందే మాట్లాడుకోనుంటారు,” అన్నాడు పెద్దన్న.

“నీ మనిషి నాకెందుకప్పా,” అని ఓబులేసు లేచాడు.

రాజీ చెడితే చెడనీ, బంకు దాటాక వెంకటేశు గతేం గాను? వసంతమ్మకు అదే భయం. తన చేత్తో ఒక మనిషిని చంపినట్టవుతుందే. “కూచోండప్పా, మీ కండ్ల ముందరే మళ్లా కొడతా,” అని ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టింది.

వరుసలు కుదురుగానే పడ్డాయి. సంతకాల చోట పెద్దన్న పేరు కొడుతుండగా అరచెయ్యి ఆనింది. సగం పేరు ఎడమ పక్కే ఉండిపోయి, మిగతా సగం ఓబులేసు మనుషుల మధ్యలో పడింది.

ముందు నవ్వింది ఓబులేసే. “సగమే వస్తివేందప్పా పెద్దన్నా, మిగతాది గూడా రానీ.” పెద్దన్న నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వెంకటేశు ఇంకా నవ్వలేదు.

వసంతమ్మ బాషాకు ఫోను కొట్టింది. పలకను ఆపే లైను ఒకటి ఉందని అతను ఒక్కో అక్షరమే చెప్పాడు. టెర్మినల్ అనే నల్లటి తెరలో ఆమె కొట్టింది. పెద్దన్న ఊరికే నమ్మే మనిషా? చూపుడు వేలితో పలకను రుద్ది చూశాడు. తెర మీద బాణం కదల్లేదు. ఒక పార్టీ రుద్దాక రెండో పార్టీ ఊరుకుంటుందా, ఓబులేసూ రుద్దాడు. ఆరేళ్లలో ఆ రెండు చేతులూ ఒకే వస్తువు మీద పడటం అదే మొదలు.

కొత్త కాగితంలో పెద్దన్న వరుసలో ఉన్న తన పేరును వెంకటేశు మూడుసార్లు చదువుకుని, అప్పుడు నవ్వాడు.

ఆపి మళ్లీ వేస్తే ఆ యంత్రం ఆ లైను మరిచిపోతుంది. అందుకని వసంతమ్మ రోజూ అగరొత్తి వెలిగించి, లైను కొట్టి, ఆ తర్వాతే మొదటి కాగితం ముట్టుకునేది. పలక దానంతటదే ఆగిపోయేలా చేసిస్తానని బాషా ఎన్నోసార్లు అన్నాడు.

“వద్దులే బాషా,” అనేది. “ఏదో ఒకరోజు అది మర్చిపోతే నువ్వు దాన్ని బాగుచేస్తావు. వెంకటేశును ఎవరు బాగుచేస్తారు?”