దొర కారుకు మా అన్న నేసిన సీటు

పాత విలాయతి కార్ల గురించి పేపర్లో ఎప్పుడు రాసినా మొదట కొన్న దొర గురించే రాస్తారు. ఆయన మీసాల ఫోటో, ఆయన వేటకు పోయిన ముచ్చట. తరువాత అది ఎవరి వాకిట్లో తుప్పు పట్టిందో ఎవరికీ పట్టదు. నేను బడి మొహం చూడలేదు. నూలు కట్టలకు చుట్టి వచ్చిన పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. వాళ్ళు రాయనిది కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ కారు వీపనగండ్ల వైపు ఒక దొరది. ఆయన పోయాక వనపర్తి కంట్రాక్టరు ఒకడు కొని, మోజు తీరాక షెడ్డులో పడేశాడు. ఎనభైల చివర, గద్వాలలో చీరలు నేసే మా అన్న దాన్ని కొన్నాడు. ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మి.

"నేసి నేసి కండ్లు పోతున్నయిరా. పెండ్లిండ్లకు కిరాయి తిప్పుత. దొర కారుల ఊరేగమంటే ఎవడొద్దంటడు?" అన్నాడు.

లోపలివి తోలు సీట్లు. పసుపు బట్టలతో పెళ్ళికొడుకును తోలు మీద కూర్చోబెడతారా అని వదిన అడిగింది. అన్నకు నిజమే అనిపించింది. తోలంతా ఊడదీసి చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చేశాడు. మిగిలిన మగ్గం మీద సీట్లకు గుడ్డ నేశాడు. నూలు ఒళ్ళు, పట్టు అంచు, అంచున జరీ. చీరకెంత శ్రద్ధో దానికీ అంతే. అదయ్యాక ఆ మగ్గమూ అమ్మి ఇంజను బాగుచేయించాడు.

మొదటి పెళ్ళి దొర ఊరి పక్క ఊళ్ళోనే. పెళ్ళికొడుకు తాత కారు దగ్గరికి వచ్చి చెప్పులు విడిచాడు.

"తాతా, ఇప్పుడిది మాదే. చెప్పులేస్కో," అన్నాడు అన్న.

"తెలుసు బిడ్డా. కాళ్ళకు తెల్వది. దొర ఉన్నప్పుడు వాగు ఇసుకల దిగబడితే ఊరంత కూలి లేకుండ నూకినం దీన్ని. మా పోరడు దీన్ల కూసునుడొద్దు."

పెళ్ళికొడుకు జీపులో ఊరేగాడు. ఆ తరువాత పిలిచినవాళ్ళు తక్కువ. ఇంజను మళ్ళీ ఆగింది. కారును తోసుకొచ్చి మా వీధిలో నిలబెట్టాం. పొద్దున్నే వీధి పొడవునా పడుగు నూలు చాచి గంజి పట్టించే వాళ్ళకు అది అడ్డం.

"ఏమన్నా, నీ దొర జర పక్కకు జరుగుతడా?"

"అడిగిన. కాళ్ళు గుంజుతున్నయంట," అనేవాడు అన్న.

జోకులు వేస్తూనే ఇంకొకరి మగ్గం మీద కూలికి పోయేవాడు. కారు అమ్ముడైతే ఇంట్లో మళ్ళీ ఒక్క మగ్గం పెట్టుకోవాలి, అదొక్కటే ఆయన ఆశ.

కొన్నేళ్ళకు హైదరాబాదు నుంచి పాత కార్లు కొనే మనిషి వచ్చాడు. దీపాలు నిమిరాడు, మురిసిపోయాడు, తలుపు తీశాడు.

"తోలేది?"

"తీసేసినం సారూ. ఇది నేను నేసిందే. అంచు చూడుండ్రి."

ఆయన అంచు చూడలేదు. రెండు వేళ్ళతో గుడ్డ పైకెత్తి కింద చూశాడు.

"అసలు సీట్లుంటే అడిగినంత ఇచ్చేటోణ్ని. పాడు చేసినవు పెద్దాయనా."

"పాడు చేసిన్నా?" అన్నాడు అన్న, నా వైపు చూసి.

నాకు ఒళ్ళు మండింది. "దొర కూసున్న తోలుకున్న ధర, మనిషి నేసినదానికి లేదా?" అన్నాను.

"ఇది చీరల బేరం కాదు," అని ఆయన నవ్వాడు.

అన్న అప్పటికప్పుడు చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పరుగెత్తాడు. ఆ తోలు ఎప్పుడో చెప్పులై ఊళ్ళు తిరుగుతోంది. ఈ కథ మొత్తంలో నాకు నచ్చిన ముక్క అదొక్కటే. కానీ దానివల్ల బేరం కుదరలేదు, మగ్గం రాలేదు.

చివరికి పాత ఇనుము వాళ్ళు వచ్చారు. బండి ఎక్కించే ముందు వదిన సీటు గుడ్డ ఊడదీసి, ఎలుకలు కొరికిన మేర కత్తిరించి, ఉతికి ఆరేసింది. జరీ ఇంకా మెరుస్తోంది. "జర చూడు," అంది.

కూలి మగ్గానికి వేళైందని అన్న అటు చూడకుండానే వెళ్ళిపోయాడు.