కడప బస్సులో ఇంగ్లీషు పాఠం

నంద్యాలలో కడప బస్సెక్కినప్పటి నుంచి నా ముందు సీట్లోని ముసలి దంపతులు తగువులాడుకుంటూనే ఉన్నారు. కిటికీ తెరవాలా వద్దా, శెనక్కాయలు సరిగా ఉడికాయా లేదా, ఏదైనా సరే. విజయవాడలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకుని బతికేవాణ్ణి, నోరు ఊరుకోదు. ఎప్పుడూ పోట్లాడుకునే మీలాంటివాళ్లని ఇంగ్లీషులో "క్యాట్స్ అండ్ డాగ్స్" అంటారు, "ఎట్ లాగర్‌హెడ్స్" అని కూడా అంటారు, అంటూ పాఠం మొదలుపెట్టాను.

"పిల్లీ కుక్కలా? దాంట్లో కుక్క ఎవరప్పా?" అన్నాడు పెద్దాయన.

"అది గూడా అడగాల్నా?" అంది పెద్దామె. తర్వాత నావైపు తిరిగింది. "ఇది కొట్లాట యాడ నాయనా? మాట్లాడుకుంటాండాం. కొట్లాటంటే మా మరిదితోది. చేని గట్టు కాడ చెడింది. ఆరేండ్లాయ, మాటల్లేవు. మా బిడ్డ పెండ్లికి గూడా పిలవల్యా. మీ ఇంట్లో ఎట్ల, నువ్వూ నీ పెండ్లామూ?"

"మేమసలు గొడవే పడం," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆమె శెనక్కాయలు ఒలవడం ఆపి మొగుడి వైపు చూసింది. నంద్యాల దాటాక మొదటిసారి ఇద్దరికీ ఒకే మాట తోచినట్టుంది. గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, గొంతు తగ్గించి అడిగింది:

"ఎన్నాళ్లాయ నాయనా, మాటల్లేక?"